చంటిపిల్లలతో రెండు రోజుల ప్రయాణం

(వెయిటింగ్ హాలులో రోగుల కుటుంబాలకు ఒక సిస్టర్ ఇచ్చిన ప్రసంగం)



ప్రతి శనివారం ఈ హాలులో మనం ఏదో ఒక జబ్బు గురించి మాట్లాడుకుంటున్నాం. పోయిన వారం కామెర్లు, అంతకు ముందు వారం క్షయ. ఈ రోజు మాత్రం ప్రయాణం గురించి మాట్లాడదామని వచ్చాను. సిస్టరమ్మ టూరిస్టు ఆఫీసులో చేరిందా అని నవ్వకండి. సెలవుల కాలంలో మా పిల్లల వార్డులోకి వచ్చే విరేచనాలు, వాంతులు, జ్వరాలు చాలావరకు ఇంట్లో మొదలైనవి కావు. బస్సులోనో, లాడ్జిలోనో, రోడ్డు పక్క హోటల్లోనో మొదలైనవి. పిల్లల్ని సరదాగా తిప్పుదామని బయలుదేరిన వాళ్ళే సెలైన్ సీసా కింద కూర్చుని కనిపిస్తారు. ఆ తల్లి ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాదు.

ఈ మధ్య ఒక తండ్రి నా దగ్గరకు వచ్చాడు. సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీద పని చేస్తాడు. వేట ఆగిన రోజుల్లో ఇంటికి వచ్చాడు. వాళ్ళ అమ్మ మన దగ్గరే ఆడవాళ్ళ వార్డులో ఉంది, ఇంకో రెండు రోజుల్లో డిశ్చార్జి. "పన్నెండు రోజులే ఉంటాను సిస్టరమ్మా, మళ్ళీ ఎల్లిపోవాల. గుంటలకి రైలు సూపించాల, అరకు సూపించాల, జూ సూపించాల" అని ఓపీ చీటీ వెనుక రాసుకున్న లిస్టు చూపించాడు. మూడు రోజుల్లో ఏడు చోట్లు! బొర్రా గుహలు, అరకు, విశాఖ జూ, కైలాసగిరి, బీచి, భీమిలి, తిరుగు దారిలో విజయనగరం కోట. పిల్లలు ఎంతవాళ్ళయ్యా అని అడిగాను. పెద్దదానికి నాలుగేళ్ళు, చిన్నోడికి పద్నాలుగు నెలలు.

నేను నవ్వలేదు. ఎందుకంటే సరిగ్గా అలాంటి లిస్టు ఒకప్పుడు నేను కూడా రాసుకున్నాను.

పదహారు పదిహేడేళ్ళ క్రితం మాట. మా వారికి నాలుగు రోజులు సెలవు దొరికింది. మే నెల. మా మరిది కుటుంబంతో కలిసి ఒక సుమో మాట్లాడుకున్నాం. పిల్లలతో కలిపి తొమ్మిది మందిమి. తెల్లవారుజామున నాలుగు గంటలకు శ్రీకాకుళంలో బయలుదేరాం. మా పాప అప్పటికి ఏడాది దాటి రెండు నెలలు. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుండగా రెండు సార్లు కక్కుకుంది. ఘాట్ రోడ్డు కదా, తిరుగుళ్ళకు అలాగే ఉంటుందిలే అనుకున్నాను. రెండేళ్ళలోపు బిడ్డకు తిరుగుళ్ళ వాంతి చాలా అరుదు. అది చదువుకున్నదాన్నే, ఆ వేళకు గుర్తు రాలేదు. ఆ రాత్రి అరకు లాడ్జిలో మూడు సార్లు నీళ్ళ విరేచనం అయింది. సంచిలో ఓఆర్ఎస్ లేదు. పిల్లలకు కొత్త గౌన్లు అయిదు పెట్టుకున్నాను, టోపీ పెట్టుకున్నాను, కెమెరా పెట్టుకున్నాను. నర్సునైన నేను నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోలేదు! కొట్టులో రంగు రంగుల తీపి డ్రింకు కొని పట్టాను. తీపి ఎక్కువైతే విరేచనం ఇంకా పెరుగుతుంది. పెరిగింది.

తెల్లారాక తిరిగిపోదామా అని నేనన్నాను. "విశాఖలో రూము చెప్పేశాం, పిల్లలు జూ కోసం చూస్తున్నారు" అన్నారు. సరేనన్నాను. కొండ దిగేటప్పుడు పాప ఏడవడం మానేసి నా ఒళ్ళో నిద్రపోయింది. హమ్మయ్య, కుదుటపడింది అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అది నిద్ర కాదు, నీరసం. ప్రయాణం కదా అని డైపరు వేశాను, అందువల్ల ఒంటికి పోసిందో లేదో తెలియలేదు. మధ్యాహ్నం విప్పి చూస్తే పొద్దున వేసిన డైపరు వేసినట్టే పొడిగా ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడి మెల్లగా వెనక్కి వెళ్ళింది.

దారిలో ఒక చిన్న సర్కారు ఆసుపత్రి కనిపిస్తే అక్కడ ఆపించాను. డ్యూటీలో ఉన్న అప్ప ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. డాక్టరుగారిని పిలిచి సెలైన్ పెట్టించింది. సాయంత్రానికి పాప కళ్ళు తెరిచి పాలకు వెతుక్కుంది. అప్పుడు చెప్పాను నేనూ నర్సునేనని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నర్సువైతే మరీ తప్పమ్మా" అంది. ఇంకేమీ అనలేదు. ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. దానికి ఆ ప్రయాణం ఏమీ గుర్తు లేదు, ఫోటోలు చూసి నవ్వుతుంది.

కాబట్టి ఆ తండ్రితో వెళ్ళొద్దని చెప్పలేదు. ఏడాదికి పన్నెండు రోజులు ఇంట్లో ఉండే తండ్రితో రైలెక్కడం ఆ పిల్లలకు మందు కంటే తక్కువది కాదు. పైగా వాళ్ళ అమ్మను చూసుకుంటూ ఆ కోడలు మూడు వారాలుగా ఆసుపత్రి బెంచీ మీద పడుకుంది, ఆవిడకు కూడా నాలుగు గంటలు గాలి మారాలి. లిస్టు మాత్రం తీసుకుని అతని ముందే కలంతో కొట్టేశాను. రోజుకు ఒక్క చోటు. అయిదేళ్ళలోపు పిల్లలకు అంతకు మించి వద్దు. పెద్దవాళ్ళకు చూడడం సంబరం. చంటిపిల్లలకు చూడడం కంటే ఆడుకోవడం, వేళకు తినడం, మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవడం ముఖ్యం. ఆ నిద్ర పోగొట్టారంటే సాయంత్రం మీరు చూపించే ఏ వింతా వాళ్ళకు పట్టదు, ఏడుపే మిగులుతుంది.

దగ్గరగా ఉన్న చోట్లు మనకు చిన్నచూపు. శ్రీకాకుళం వాళ్ళకు ఒక్క పూటలో కళింగపట్నం ఉంది. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైటుహౌసు ఉంది. దగ్గర్లో నది ఒడ్డు కొండ మీద శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఉన్నాయి. కొండ ఎక్కాలి కాబట్టి ఉదయం పూటే వెళ్ళండి. టెక్కలి వైపు వాళ్ళకు చలికాలంలో తేలినీలాపురం ఉంది. ఊళ్ళో చెట్ల మీదే గూడబాతులు, రంగు కొంగలు గూళ్ళు పెడతాయి. నాలుగేళ్ళ పిల్ల కళ్ళకు అది ఏ జూకూ తీసిపోదు. విజయనగరం వాళ్ళకు తాటిపూడి, భీమిలి ఉన్నాయి. సాయంత్రానికి ఇంటికి వచ్చి సొంత పక్క మీద పడుకోవచ్చు. మొదటిసారి చంటిబిడ్డతో బయలుదేరేవాళ్ళు ఇలాంటి ఒక్కపూట ప్రయాణంతో మొదలుపెడితే బిడ్డ తీరు తెలుస్తుంది.

మా ఆడపడుచు కొడుకు విశాఖలో ఉద్యోగం. మూడేళ్ళ కూతురిని తీసుకుని థాయిలాండ్ వెళ్తున్నామని ఫోను చేశాడు. అయిదు రోజుల్లో బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్ అన్నాడు. నాన్నా, ఒక్క ఊరు పెట్టుకో, సముద్రం దగ్గర ఒక్క హోటలు తీసుకో, మధ్యాహ్నం పూట బయట తిప్పకు అన్నాను. అక్కడ కూడా డెంగీ దోమ పగలే కుడుతుంది, అక్కడ కూడా వీధి కుక్కలకు రేబిస్ ఉంటుంది, అక్కడ కూడా మూత తీసి పెట్టిన నీళ్ళు తాగకూడదు. బ్యాంకాక్ వెళ్ళినా బారువ వెళ్ళినా బిడ్డ కడుపు ఒకటే కదా.

ఇక అరకు సంగతి. ఆ తండ్రి చివరికి అరకుకే మొగ్గాడు, రెండు రాత్రులు. పిల్లలు ఉన్నవాళ్ళకు జీపు కంటే రైలు మేలని నా అభిప్రాయం. విశాఖ నుండి పొద్దున్నే కిరండూల్ రైలు బయలుదేరుతుంది. మన వైపు వాళ్ళు అందుకోసం విశాఖ దాకా పోనక్కరలేదు. కొత్తవలసలో గానీ శృంగవరపుకోటలో గానీ ఎక్కవచ్చు. రైలు వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు 139కి ఫోను చేసి కనుక్కోండి. అయిదేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు, కానీ వాళ్ళకు సీటు కూడా ఉండదు. అయిదు నుండి పన్నెండేళ్ళ లోపు వాళ్ళకు సీటు అడగకపోతే సగం చార్జీ, సీటు కావాలంటే పూర్తి చార్జీ. నాలుగేళ్ళ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కొన్ని గంటలు కూర్చోవడం సులువు కాదు. చేతిలో డబ్బుంటే ఒక సీటు ఎక్కువ తీసుకోండి, ఆ డబ్బు వృథా కాదు. 2017లో ఈ దారిలో అద్దాల పెట్టె కూడా వేశారు. బాగుంటుంది గానీ చార్జీ ఎక్కువ. పిల్లలకు మామూలు పెట్టెలో కిటికీ చాలు.

ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. పిల్లలు ప్రతి సొరంగంలో కేకలు వేస్తారు. వేయనివ్వండి. రైలు తలుపు దగ్గర మాత్రం పిల్లల్ని ఎత్తుకుని నిలబడకండి. ఫోటో కోసం అసలు నిలబడకండి. కిటికీ షట్టరు దించేటప్పుడు ముందు చిన్న వేళ్ళు ఎక్కడున్నాయో చూడండి. వేళ్ళు నలిగిన పిల్లలు మా దగ్గరకు వచ్చారు కాబట్టి చెబుతున్నాను. వానలు బాగా ముదిరాక ఈ దారిలో అప్పుడప్పుడు కొండచరియలు విరిగిపడి రైళ్ళు ఆగిపోతాయి. గట్టి వానల హెచ్చరిక ఉన్న వారం చంటిబిడ్డతో బయలుదేరకండి.

రోడ్డు మీదే వెళ్ళేవాళ్ళు సెలవు రోజుల రద్దీలో పోకండి. డిసెంబరు చివరి వారంలో ఘాట్ మీద బళ్ళు బారులు తీరి ఆగిపోతాయి. పెద్దవాళ్ళం ఓర్చుకుంటాం. పాలకు ఏడ్చే బిడ్డకు, ఒంటికి పోసుకోవాలని గింజుకునే పిల్లకు అది నరకం. మంగళవారమో బుధవారమో వెళ్ళండి. తిరుగుళ్ళ వాంతి రెండేళ్ళ నుండి పన్నెండేళ్ళ పిల్లల్లో ఎక్కువ. బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు పెట్టండి. కడుపు ఖాళీగా ఉంచవద్దు, నూనె పూరీలతో నింపవద్దు. ముందు వైపు చూసేలా కూర్చోబెట్టండి, దూరంగా కొండలు చూపించండి, చేతికి ఫోను ఇవ్వకండి. వాంతి మాత్ర మీకు మీరే కొని వేయకండి, బరువు చూసి డాక్టరుగారు చెప్పాలి. వాంతి అయితే తుడిచి, కొంచెం సేపు బండి ఆపండి. మళ్ళీ చెబుతున్నాను, బండి ఆగి గంట దాటినా వాంతులు తగ్గకపోతే అది తిరుగుడు కాదు.

తిండి విషయంలో మన మామ్మలకు తెలిసినంత నాకు తెలియదు. పులిహోర ఒక పూట నిలుస్తుంది, పెరుగన్నం ఎండలో నిలవదు. అరటిపళ్ళు, అటుకులు, మరమరాలు, రాగిపిండి సంచిలో ఉంటే లాడ్జిలో వేడినీళ్ళు అడిగి అయిదు నిమిషాల్లో జావ కలపవచ్చు. హోటల్లో అయితే పొగలు కక్కేది పెట్టించండి. కోసి పెట్టిన పళ్ళు, ఐసు, బండి మీద చట్నీ పిల్లలకు వద్దు. అరకులో బొంగు చికెన్ మీరు తినండి, పిల్లలకు కారం. మరొక ముఖ్యమైన మాట. పలాస జీడిపప్పు, వేరుశనగ పలుకులు, గుండ్రటి ద్రాక్ష నాలుగైదేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. కుదుపులో నవ్వుతూ తింటే గొంతులోకి కాదు, ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఏడాదిలోపు బిడ్డకు అలా అడ్డుపడి ఏడుపు కూడా రాకపోతే బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా పట్టుకుని, వీపు మీద రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్ళతో అయిదు నొక్కులు, వస్తువు బయటికి వచ్చేదాకా అలాగే మార్చి మార్చి చేయాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకండి. ఇది మాటలతో రాదు, ప్రసంగం అయ్యాక బొమ్మ మీద చూపిస్తాను.

ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏమీ అక్కరలేదు. ఎండలో కూడా నీళ్ళు అక్కరలేదు, ఇంకో రెండు సార్లు రొమ్ము ఇస్తే చాలు. అందుకే ఆ వయసు బిడ్డతో ప్రయాణం ఒక విధంగా సులువు. తల్లి మాత్రం బాగా నీళ్ళు తాగాలి. బస్సులో బాత్రూము ఉండదని మన ఆడవాళ్ళు నీళ్ళు మానేస్తారు. మానకండి, బండి ఆపమని అడగండి. ఆ మాట మగవాళ్ళు ముందే డ్రైవరుకు చెప్పి ఉంచాలి.

ఓఆర్ఎస్ దగ్గరకు వద్దాం. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతకు మూడింతల ప్యాకెట్లు పెట్టుకోండి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళకు, చిన్నది 200 మి.లీ. నీళ్ళకు ఉంటుంది. ఎంతకు కలపాలో ప్యాకెట్ మీద చదవండి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి అంచనాగా కలపకండి. చిక్కగా అయితే మేలు కంటే కీడు ఎక్కువ. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుండి 100 మి.లీ., అంతకు పెద్దవాళ్ళకు 100 నుండి 200 మి.లీ. చెంచాతో మెల్లగా పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. తల్లిపాలు, తిండి మానవద్దు. ఆసుపత్రికి చేరాక జింకు మాత్రలు రాస్తారు, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి.

కొట్లో అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే అక్షరాలు ఉండేవి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడరాదని ఆదేశించింది. ఆ రోజు నేను అరకులో నా పాపకు పట్టిన డ్రింకు గుర్తు చేసుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడగండి. ఇంకొక మాట. ఉద్దానం వైపు నుండి వచ్చినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్ళు మీతో వస్తుంటే, వాళ్ళకు ఓఆర్ఎస్ గానీ కొబ్బరినీళ్ళు గానీ డాక్టరుగారిని అడగకుండా ఇవ్వకండి. డయాలసిస్ రోజులు చూసుకునే ప్రయాణం పెట్టుకోండి, ఒక్క రోజు కూడా జరపకండి.

జ్వరం మందు కూడా సంచిలో ఉండాలి. పారాసిటమాల్ సిరప్ అన్ని సీసాలూ ఒకటి కాదు. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నది ఉంటుంది, 250 మి.గ్రా. ఉన్నదీ ఉంటుంది. ఇంట్లో వాడే సీసా మరిచిపోయి అరకులో ఇంకొకటి కొని అదే చెంచా పోస్తే మోతాదు రెండింతలు అవుతుంది. బయలుదేరే ముందు బిడ్డ బరువు తూయించుకుని, ఏ సీసా ఎన్ని మి.లీ. అని డాక్టరుగారి చేత రాయించుకుని, ఆ చీటీ సీసాకే రబ్బరు బ్యాండుతో కట్టండి. దగ్గు మందు చిన్నపిల్లలకు సొంతంగా వద్దు. ఫిట్స్ మందు, ఆయాసం ఇన్‌హేలరు వాడే పిల్లలుంటే అవి డిక్కీలో కాదు, మీ చేతిసంచిలో ఉండాలి. దారిలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో చెంచా పెట్టకండి, 108కి ఫోను చేయండి.

చలికాలంలో అరకు చలి మన కోస్తా వాళ్ళు ఊహించలేరు. పసిబిడ్డ ఒంటి వేడి తలలోంచి, పాదాల్లోంచి పోతుంది. టోపీ, సాక్సులు వేసి తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం కంటే మంచి హీటరు లేదు. దయచేసి ఈ మాట వినండి. గది తలుపులు మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోకండి. బొగ్గు మంట నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుటుంబాలకు కుటుంబాలే తెల్లారి లేవని సంఘటనలు దేశంలో చలి ప్రాంతాల్లో ప్రతి ఏడాదీ జరుగుతున్నాయి. చలి ఎక్కువైతే ఇంకో రెండు దుప్పట్లు అడగండి, సిగ్గుపడకండి.

అరకు, పాడేరు వైపు మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం. దోమతెర మడత పెట్టి తీసుకువెళ్ళండి, అరకిలో కూడా బరువు ఉండదు. సాయంత్రం నుండి పిల్లలకు నిండు చేతుల చొక్కా, ప్యాంటు. రెండు నెలల లోపు బిడ్డకు దోమల క్రీము రాయకూడదు, తెరే దిక్కు. తిరిగి వచ్చాక వారానికో, నెలకో జ్వరం వస్తే మామూలు జ్వరమని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. "మేము అరకు వెళ్ళి వచ్చాం" అని డాక్టరుకు మీరే చెప్పాలి. అడిగేదాకా ఆగవద్దు.

బొర్రా గుహలు చూసి తీరాలి అంటాడు ఆ తండ్రి. లోపల మెట్లు చాలా ఉన్నాయి, నీళ్ళు కారి జారుతుంటాయి. చంటిబిడ్డను ఒకరు ఎత్తుకుంటే పక్కన ఖాళీ చేతులతో ఇంకొకరు నడవాలి. భుజాల మీద ఎక్కించుకోకండి. బయట కోతులు ఉంటాయి. పిల్లల చేతిలో తినే వస్తువు కనిపిస్తే లాక్కుంటాయి, రక్కుతాయి. కోతి రక్కినా కుక్క కరిచినా సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగి, పసుపు, కారం రాయకుండా అదే రోజు సూది వేయించాలి. ప్రయాణం ముగిశాక చూద్దాం అనుకోకూడదు. పెద్ద పిల్లలకు అక్కడ ఒక మంచి సంగతి చెప్పండి. ఆ గుహల దగ్గర పారే గోస్తని నదే కిందికి వచ్చి తాటిపూడి రిజర్వాయరు నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా పెద్దాడు ఆ సంగతి విని, భీమిలిలో నీళ్ళు చూసినప్పుడల్లా "ఇది బొర్రా నీరే" అని అందరికీ చెప్పేవాడు.

సముద్రం గురించి సముద్రం ఒడ్డు వాళ్ళకు నేను చెప్పేదేముంది అనుకుంటాను. కానీ నీటిలో పోయే బిడ్డ కేక వేయదు. సినిమాలో లాగా చేతులు ఊపదు. నిశ్శబ్దంగా మునుగుతుంది. మోకాలి లోతు చాలు. కాబట్టి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి, చేతిలో ఫోను లేకుండా నిలబడాలి. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడడం లేదనే. పేరు పెట్టి అప్పగించండి. ఈ అరగంట నాన్న, తర్వాత పిన్ని. జనం ఉన్నచోట పిల్లల ముంజేతి మీద మీ ఫోను నంబరు బాల్ పెన్నుతో రాయండి.

ప్రయాణంలో అందరికీ విశ్రాంతి, తల్లికి మాత్రం ఇంట్లో పనే ఊరు మారి వస్తుంది. పాల సీసా కడగడం, బట్టలు పిండడం, రాత్రి లేవడం. మామ్మలూ, మీరు కోపగించుకోకండి. ఆ ఒక్క మధ్యాహ్నం పిల్లల్ని మీరూ, అబ్బాయీ చూసుకుని కోడల్ని పడుకోనివ్వండి. నిద్రలేని తల్లి బిడ్డ డైపరు పొడిగా ఉందని గమనించలేదు. నేను గమనించలేదు కదా.

బిడ్డ తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, లేపినా మత్తుగా ఉన్నా, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, విరేచనంలో రక్తం ఉన్నా, రొప్పుతున్నా ప్రయాణం అక్కడితో ఆపండి. రూముకు కట్టిన డబ్బు, టికెట్టు, జూ, అన్నీ పోనివ్వండి. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందో వెళ్ళిన మొదటి గంటలోనే లాడ్జి వాళ్ళను అడిగి కాగితం మీద రాసుకుని ఉంచండి, అర్ధరాత్రి వెతుక్కోవద్దు.

ఆ తండ్రి నిన్న మళ్ళీ వచ్చాడు. కొత్త లిస్టు తెచ్చాడు. మొదటి రోజు ఎస్.కోటలో రైలెక్కి అరకు, అక్కడ పద్మాపురం తోట. రెండో రోజు ఉదయం గిరిజన మ్యూజియం, మధ్యాహ్నం నిద్ర. మూడో రోజు ఇల్లు. బొర్రా పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాడు. చిన్నోడు హుషారుగా ఉంటేనే అట. జూ వచ్చే ఏడాదికి వాయిదా. "నాలుగు ప్యాకెట్లు కొన్నాను సిస్టరమ్మా" అని జేబులోంచి తీసి చూపించాడు. ఇంకో నాలుగు కొనమన్నాను.

సరే, బల్ల మీద లీటరు సీసా, చెంచా, ఓఆర్ఎస్ ప్యాకెట్ పెట్టాను. నేను కలపను. ముందు వరుసలో ఎర్రచీర మామ్మా, మీరు రండి. చేతులు అక్కడ సబ్బుతో కడుక్కుని వచ్చి, అందరికీ కనిపించేలా మీరే కలిపి చూపించండి.